రెండు చోట్ల ఒకే గుండె

ఎల్లాజీ గుండె చప్పుడును సముద్రం మొదటిసారి విన్నది ఒక మాఘమాసపు పొద్దున. చలికి పళ్లు టకటకలాడుతుంటే అతను తెప్ప మీంచి నీళ్లలోకి దూకి, మెడ దాకా మునిగి, ఒడ్డు వైపు తిరిగి చెయ్యి ఊపాడు. ఒడ్డున, కొంగవానిపాలెం ప్రయోగశాలలో, అతని చెల్లెలు మరిడేశ్వరి స్పీకరు ముందు ఊపిరి బిగబట్టి కూర్చుంది. ముందు ఉత్త అలల హోరు. పక్కనే జీవశాస్త్రవేత్త జెర్మియా గారు మీట తిప్పుతూ ఆ హోరును కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ పోగా, దాని అడుగున, ఎవరో గోడ అవతల దంచుతున్నట్టు, ఒక చప్పుడు తేలింది.

"మా అన్నయ్యే," అంది మరిడేశ్వరి.

"యంత్రం ఇంకా పేరు చెప్పలేదు మేడమ్. మీరెలా చెబుతున్నారు?"

"చిన్నప్పుడు వాడి రొమ్ము మీద తల పెట్టుకుని పడుకునేదాన్నండీ."

ఆ తరవాతే తెర మీద పేరు పడింది: గరికిన ఎల్లాజీ. జెర్మియా గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. పదేళ్లుగా గాజు తొట్లలో ఆయన పెంచుకొచ్చిన పొర అది. జెల్లీ చేపల నరాల నుంచి మొలకెత్తించి, తామరాకంత పలచగా, వాకిలంత వెడల్పుగా సాగదీసి, సముద్రం అడుగున పరిచారు. ఉత్తరాన దీపాలమెట్ట కింద ఒకటి, దక్షిణాన కొంగవానిపాలెం రేవు ముందు ఒకటి. నీళ్లలో పడ్డ మనిషి గుండె కొట్టుకుంటే ఆ అదురు నీటిలో పాకి పొరను తాకుతుంది. ఎటు నుంచి వచ్చిందో, ఎంత దూరం నుంచి వచ్చిందో పొర చెబుతుంది. మనిషి మనిషికీ నడక వేరైనట్టే గుండె నడకా వేరు. అందుకని పేటలోని జాలర్లందరూ ఒక్కొక్కరే వచ్చి, ప్రయోగశాలలో నీళ్ల తొట్టిలో కాసేపు నిలబడి, తమ గుండెను యంత్రానికి పరిచయం చేసి వెళ్లారు. వాళ్లు ఆ పొరలకు పెట్టుకున్న పేరు సెవులు.

సముద్రంలో పడ్డవాళ్లను గుండె చప్పుడుతో వెతకాలన్న ఆలోచన మరిడేశ్వరికి ఎందుకొచ్చిందో పేటలో అందరికీ తెలుసు. ఆమె తండ్రి వేటకెళ్లి తిరిగి రాలేదు. శవమూ దొరకలేదు. బొట్టు ఉంచుకోవాలో చెరుపుకోవాలో తెలియక ఆమె తల్లి ఏళ్ల తరబడి పొద్దున్నే అద్దం ముందు నిలబడి ఏడ్చేది. అటువంటి ఇంట్లో పెరిగిన పిల్ల లెక్కలు నేర్చుకుంటే ఆ లెక్కలు చివరికి సముద్రంలోకే దిగుతాయి.

పొరలు పరిచిన కొత్తలో జాలర్లకు నమ్మకం కుదరలేదు. మసేను అనే పక్కింటి జాలరి అడిగేశాడు. "రెండు సెవులకి మనిషి సోటెలగ తెలుస్తాదమ్మా?"

ఆమె ఇసకలో రెండు పుల్లలు గుచ్చింది. "ఒక్క చెవి పొరబడొచ్చు, అందుకే రెండు. ఇది దీపాలమెట్ట, ఇది మన రేవు. ఈ రెండిటి మధ్య దూరం మనకి తెలుసు. మనిషి అదిగో, అక్కడున్నాడు. దీపాలమెట్ట పుల్ల దగ్గర ఒక కోణం, రేవు పుల్ల దగ్గర ఒక కోణం. రెండూ తెలిస్తే మూడో మూల ఎక్కడుందో లెక్క కట్టొచ్చు."

"మేస్త్రీ మూలమట్టం పెట్టి సూస్తాడు, అలగా?"

"మూలమట్టం ఇంటికి పనికొస్తుంది మసేనూ. సముద్రంలో మనిషి సరిగ్గా మూలకొచ్చి పడడు కదా. వంకర త్రికోణాలకి వేరే సూత్రాలున్నాయి. భుజానికీ దాని ఎదురు కోణానికీ ఒక పొత్తు ఉంటుంది. అది పట్టుకుంటే చాలు."

"నాకర్తం కానేదు గానీ, మీ అన్న దొరికినాడు గదా, సాలు," అన్నాడు మసేను. అందరూ నవ్వారు.

ఆ వేసవిలో ఒకసారి, వానాకాలంలో ఒకసారి సెవులు నీళ్లలో పడ్డ మనుషుల్ని పట్టి ఇచ్చాయి. పెద్ద అధికారులొచ్చి ఫొటోలు తీసుకున్నారు. కోస్తా అంతా పొరలు పరుస్తామన్నారు. మరిడేశ్వరి రాత్రీ పగలూ ప్రయోగశాలకే అంటుకుపోయి, అన్నగారింటికి పోవడమే తగ్గించేసింది. వదిన పైడితల్లి చేపల పులుసు గిన్నె పట్టుకుని తనే వచ్చి, "మీ సెవుల కాడ కూకుంటే కడుపు నిండిపోద్దేటి?" అని కసిరి, పక్కన కూర్చుని తినిపించి వెళ్లేది.

కార్తీకంలో వాయుగుండం పట్టింది. ఒడిశా వైపు పోతుందన్నది దారి మార్చుకుని తెల్లారేసరికి ఇటు తిరిగింది. కెరటాలు సముద్రం అడుగు దాకా కలబెట్టేశాయి. పొద్దెక్కాక జెర్మియా గారు తల పట్టుకుని వచ్చారు.

"రెండు పొరలూ చిరిగాయి మేడమ్. ఉత్తరం చెవి దిక్కు చెబుతోంది, దూరం చెప్పడం లేదు. దక్షిణం చెవి దూరం చెబుతోంది, దిక్కు చెప్పడం లేదు."

ఆమె ఏదో అనబోయేలోపే స్పీకరులో చప్పుడు మొదలయింది. ఈసారి గోడ అవతల దంపుడు లాగ లేదు. పరిగెత్తి పరిగెత్తి ఆగిన మనిషి గుండెలాగ ఉంది. తెర మీద పేరు పడేదాకా ఆమె ఆగలేదు. ఆమెకు తెలిసిపోయింది.

ఎల్లాజీ ఒంటరిగా ఇంజను తెప్ప మీద వేటకు పోయే మనిషి. తెప్ప తిరగబడి ఉండాలి. ఆమె లెక్కలోకి దిగింది. దీపాలమెట్ట నుంచి కొంగవానిపాలెం ముప్పై కిలోమీటర్లు. దీపాలమెట్ట దగ్గర కోణం ముప్పై అయిదు డిగ్రీలు. కొంగవానిపాలెం నుంచి మనిషి ఉన్న దూరం ఇరవై కిలోమీటర్లు. సూత్రంలో వేసింది. జవాబు వచ్చింది. దాని కిందే ఇంకో జవాబు వచ్చింది.

జెర్మియా గారు ఆమె భుజం మీంచి తెరను చూస్తున్నారు. "రెండు చోట్లు చూపిస్తోందేమిటి?"

"రెండూ నిజమేనండీ." ఆమె తెర మీద వేలితో గీసింది. "దీపాలమెట్ట నుంచి ఒక గీత. అన్నయ్య ఆ గీత మీదే ఉన్నాడు. మన రేవులో ఒక మేకు కొట్టి, దానికి ఇరవై కిలోమీటర్ల తాడు కట్టి గుండ్రంగా తిప్పారనుకోండి. ఆ తాడు కొస ఆ గీతను రెండుసార్లు దాటుతుంది. ఒకసారి ఒడ్డు దాపున, నీళ్లలో మునిగిన రాతి గట్టు దగ్గర. ఇంకోసారి నడిసముద్రంలో. రెండూ మన రేవుకి సరిసమాన దూరం."

"ఆ రెండిటికీ మధ్య?"

"అదీ ఇరవై పైనే."

రేవులో ఆ గాలికి తట్టుకోగల పడవ ఒక్కటే ఉంది. హెలికాప్టరు లేవదని అప్పటికే కబురొచ్చింది. పడవ సరంగు రాజేలు రేడియోలో అరుస్తున్నాడు. "ఎటు పోనిమ్మంటారమ్మా? తాడు ఇప్పీమంటారా?"

జెర్మియా గారు మెల్లగా అన్నారు. "మేడమ్, నీళ్లు దక్షిణానికి పరిగెడుతున్నాయి. మనిషి ఒడ్డు దాపున ఉంటే ఆ పోటు అతన్ని మన వైపుకే తీసుకొస్తుంది, చప్పుడు పెరుగుతుంది. నడిసముద్రంలో ఉంటే మన ముందు నుంచి అడ్డంగా పోతాడు, చప్పుడు పెద్దగా మారదు. కాసేపు విందాం. అప్పుడు ఒకటే జవాబు మిగులుతుంది."

మాట సరైనదే. ఆమెకూ తెలుసు. కానీ స్పీకరులో గుండె ఒక దెబ్బ తప్పి, మళ్లీ అందుకుంది. చేతులు ముడుచుకుని ఆ గుండెను వింటూ కూర్చోవడం ఆమె వల్ల కాలేదు. అన్నయ్య ఎటు పోతాడు? చిన్నప్పటి నుంచీ ఎరిగిన అన్నయ్య. నాన్న పోయాక రాతి గట్టు దాటి ఎన్నడూ పోనివాడు. 'కోనాం సేపలు గట్టు కాడే ఉంటాయే, నడిసముద్రంలో నాన్నున్నాడు, నాకొద్దు,' అనేవాడు.

"గట్టు దగ్గరికి పోనీ," అంది రేడియోలో.

పడవ కదిలింది.

పడవ గట్టు దరిదాపుల్లోకి చేరుతుండగా పైడితల్లి వచ్చింది. చీర తడిసి కాళ్లకు చుట్టుకుపోయి ఉంది. గుమ్మంలోనే చప్పుడు విని ఆగిపోయింది.

"అది ఆడిదేనా మరిడీ?"

"అన్నయ్యదే వదినా. పడవ పంపించాను. గట్టు దగ్గరున్నాడు."

పైడితల్లి ఒక్క అడుగు లోపలికి వేసింది. "గట్టు కాడా? ఈ ఏడు ఒక్కపాలి గట్టు కాడికి ఎల్లినాడేటి ఆడు? 'మా సెల్లి సెవులు సముద్రంలో ఉన్నాయి, ఇంక నాకేటి బయం' అనీసి రోజూ నడిసముద్రానికే ఎల్తన్నాడు. ఆడొక్కడే ఏటి, పేటంతా అలగే ఎల్తన్నారు. నీకు తెల్దేటి?"

మరిడేశ్వరికి తెలియదు. ఆమె తెర వైపు తిరిగింది. పడవ పోయినంత సేపూ దక్షిణం చెవి చెప్పిన దూరం అదే. చప్పుడు ఒక్క పిసరు కూడా పెరగలేదు. నిజం చాలాసేపటి నుంచి తెర మీదే ఉంది. ఆమె మాత్రం అంతసేపూ తెర మీద పడవనే చూస్తూ ఉండిపోయింది.

"రాజేలూ, తిప్పు! ఆగ్నేయానికి తిప్పు. గట్టు దగ్గర లేడు!"

ఎదురు కెరటాల్లో పడవ తిరిగింది. ఇంక చెయ్యడానికి ఏమీ లేదు. ఇద్దరు ఆడవాళ్లూ ఆ స్పీకరు ముందు కూర్చున్నారు. కొంతసేపటికి పైడితల్లి దానికి నోరు దగ్గరగా పెట్టింది.

"ఇదిగో, నానే. పడవొస్తంది. ఒదిలీకు. తెప్ప ఒదిలీకు. ఇనిపిస్తందా?"

మరిడేశ్వరి ఆమె చెయ్యి పట్టుకుంది. "వదినా, ఇది వినడానికే. మన మాట అక్కడికి పోదు."

"ఎందుకు పోదు? ఆడిది ఇక్కడికొస్తంది గదా?"

ఏం చెప్పాలి? మనిషి గుండెను ఇరవై కిలోమీటర్ల అవతల నుంచి వినే చెవిని చేసింది. ఒక్క మాట చేరవేసే నోరు చెయ్యాలని తోచనే లేదు. చెయ్యి వదిలేసింది. పైడితల్లి మాట్లాడుతూనే ఉంది. పిల్లకు జ్వరం తగ్గిందని చెప్పింది. పొద్దున చద్దన్నం తినకుండా పోయావని తిట్టింది. ఆ మాటల మధ్య గుండె ఎడం ఎడంగా కొట్టుకుంటూ, మెల్లగా, ఇంకా మెల్లగా, ఒకసారి ఆగింది.

గదిలో అలల హోరు మిగిలింది.

పైడితల్లి కళ్లు పెద్దవయ్యాయి. "ఎక్కించీసినారా? పడవలోకి ఎక్కించీసినారు గదా? నీటిలోంచి తీసేస్తే ఇనబడదని నువ్వే అన్నావు!"

నిజమే. చప్పుడు ఆగడానికి రెండు కారణాలు ఉంటాయి. మనిషి నీళ్లలోంచి బయటికొచ్చినా ఆగుతుంది. మరిడేశ్వరి రేడియో అందుకుంది.

"రాజేలూ... దొరికాడా?"

గాలి హోరు మధ్య నుంచి సరంగు గొంతు వచ్చింది. "లేదమ్మా, ఇంకా కనబడనేదు. వచ్చేస్తన్నాం, ఇంకొంచెమే."

పైడితల్లి ఆ మాట విన్నది. ఏడవలేదు. స్పీకరును రెండు చేతులతో పట్టుకుని, పసిబిడ్డను వాటేసుకున్నట్టు వాటేసుకుని, నేల మీద కూలబడింది. తరవాత కొద్దిసేపటికే రాజేలు మళ్లీ పలికాడు. "దొరికినాడమ్మా. సేతులింకా తెప్పనే పట్టుకుని ఉన్నాయి. ఒళ్లు బిగుసుకోనేదు. ఇప్పుడిప్పుడే పోయినట్టున్నాడు."

శవమైనా దొరికింది, మంచి పనిముట్టేనన్నారు అధికారులు. లెక్కలో తప్పు లేదు, పొరలు చిరగడం వల్ల వచ్చిన చిక్కు అని విచారణకొచ్చిన పెద్దమనిషి అన్నాడు. జెర్మియా గారు చిరిగిన పొరలను పైకి తీయించి, కొత్త పొరలకు మొలకలు వేశారు. ఈసారి రెండు కాదు, మూడు. మూడో చెవి ఉంటే జవాబు ఒకటే వస్తుంది. కానీ పొర పెరగడం చెట్టు పెరిగినట్టే, తొందర పెడితే చచ్చిపోతుంది. వేసవి దాకా ఆగాలన్నారు. అందాకా అతుకులు వేసిన పాత పొరలనే మళ్లీ పరిచారు. ఒకటి దిక్కుకు, ఒకటి దూరానికి.

పైడితల్లి దినకర్మల్లో ఆడపడుచును రావద్దనలేదు, రమ్మనలేదు. కుండలో అన్నం ఉంటే పెట్టింది. మాట మాత్రం మాట్లాడలేదు. పెద్దకర్మ అయినాక ఆ ఇంటి గుమ్మం ఎక్కడానికి మరిడేశ్వరికి కాళ్లు రాలేదు.

ఒకనాడు ఒడ్డుకు పోయి, వలలు బాగుచేసుకుంటున్న వాళ్లందరి ముందూ నిలబడింది. "సెవుల్ని నమ్ముకుని దూరం పోకండి. వాటికి ఇప్పుడు సగమే తెలుసు. మా అన్నయ్య అలా నమ్మే పోయాడు."

తల ఎత్తకుండా ఒక ముసలాయన అన్నాడు. "ఒడ్డున సేపేదమ్మా? పెద్ద బోట్లోళ్లు తుడిసీసినారు. సెవులు రాక ముందు బయముండేది, ఆకలీ ఉండేది. ఇప్పుడు ఆకలొకటే ఉంది."

మసేను చేతిలో సూది మాత్రం కాసేపు ఆగింది.

ఆ సాయంత్రమే ఆమె సరంగు రాజేలు దగ్గరికి పోయింది. "ఇంక మీదట జవాబు ఒకటే అయ్యేదాకా నువ్వు తాడు విప్పకు. నేను చెప్పినా సరే విప్పకు."

పుష్యమాసంలో ఒక ఉదయం మళ్లీ ఒక గుండె సముద్రంలో పడింది. గాలి లేదు, వాన లేదు. మంచు మాత్రం చెయ్యి చాపితే చెయ్యి కనపడనంతగా కమ్మింది. ఏదో పెద్ద ఓడ చూసుకోక తెప్పను గుద్దేసి పోయి ఉంటుంది. తెర మీద పేరు మసేనుది. కింద రెండు జవాబులు. ఒకటి గట్టు దాపున, ఒకటి నడిసముద్రంలో.

ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. రేవులో పడవ ఇంజను వేసుకుని, తాడు కట్టుకునే ఉంది.

మసేను పెళ్లాం ఎల్లమ్మ జుట్టు విరబోసుకుని పరిగెత్తుకొచ్చింది. ఆమె వెనక పేటలోని ఆడవాళ్లు. పడవ ఇంకా కదల్లేదని తెలియగానే మరిడేశ్వరి మీద పడింది.

"పంపియ్యవేటమ్మా? గుండె ఇనబడతంది గదా! ఇంకేటి సూస్తన్నావు?"

"ఎటు పంపాలో ఇంకా తెలియలేదు ఎల్లమ్మా. కాసేపు..."

"అందరూ నడిసముద్రానికే గదా ఎల్తారు! అటే పంపు. మీ అన్నకైతే ఎంటనే పంపినావు. మా ఓడికైతే ఆగాల?"

మరిడేశ్వరి చెయ్యి రేడియో వైపు పోయింది. అటే పంపితే? ఈసారి అందరికీ తెలుసు కదా, అందరూ దూరమే పోతున్నారు కదా. వేలు మీట మీదకు చేరింది.

అప్పుడు ఆడవాళ్ల మధ్య నుంచి పైడితల్లి ముందుకొచ్చింది. ఆ గదిలోకి ఆమె రావడం ఆ రోజు తరవాత ఇదే మొదటిసారి. ఆడపడుచు వంక చూడలేదు. తిన్నగా ఎల్లమ్మ దగ్గరికి పోయి, వెనక నుంచి రెండు చేతులూ వేసి ఆమెను ఒడిసి పట్టుకుంది.

"ఆగే," అంది. "ఆగనీవే. తెలిసినాక ఎల్తాది పడవ. తెలీకుండా ఎల్లకూడదు."

"ఒదలవే అక్కా! సచ్చిపోతాడు!"

"ఒదల్ను. నానొదల్ను. కూకో ఇలగ."

ఇద్దరూ నేల మీద కూర్చున్నారు. మరిడేశ్వరి మీట మీంచి వేలు తీసేసింది. మసేను గుండె దడదడ కొట్టుకుంటూనే ఉంది. జెర్మియా గారు దూరం చెప్పే ముల్లు మీంచి కన్ను తీయలేదు. ముల్లు ఊగింది, వెనక్కి పోయింది, మళ్లీ ఊగింది. ఆ తరవాత, దగ్గరికి నడిచొస్తున్న అడుగుల్లాగా, చప్పుడు కొంచెం గట్టిపడింది. ఇంకాసేపటికి ఇంకొంచెం.

"గట్టు దగ్గర," అన్నారు జెర్మియా గారు.

"గట్టు దగ్గర, రాజేలూ!" అని అరిచింది మరిడేశ్వరి. "విప్పు!"

పడవ అక్కడికి చేరాక స్పీకరులో చప్పుడు ఠక్కున ఆగిపోయింది. ఎల్లమ్మ నోరు తెరిచింది. పైడితల్లి ఆమె తలను తన భుజానికి అదుముకుని కళ్లు మూసుకుంది. అప్పుడు రేడియో పలికింది. "ఎక్కించీసినాం! బతికే ఉన్నాడు. మరిడమ్మ సెప్పిందని ఈయాల గట్టు దాటనేదంట. ఆ మాట మీకు సెప్పమంటన్నాడు."

గది ఒక్కసారి ఏడుపులతోనూ నవ్వులతోనూ నిండిపోయింది. ఎల్లమ్మ లేచి, మరిడేశ్వరి చేతులు పట్టుకుని కళ్లకద్దుకుని, రేవుకు పరిగెత్తింది. ఆడవాళ్లందరూ ఆమె వెంట పోయారు. జెర్మియా గారు కూడా పోయారు.

పైడితల్లి పోలేదు. నేల మీంచి లేచి, చీర దులుపుకుని, తెర ముందుకొచ్చి నిలబడింది. దాని మీద ఇంకా రెండు చుక్కలు ఉన్నాయి. ఒకటి వెలుగుతోంది, ఒకటి ఆరిపోయింది.

"మరిడీ."

రెండు నెలల తరవాత ఆ పిలుపు. మరిడేశ్వరి లేచి నిలబడింది.

"ఈయాల తెలీడానికి ఎంతసేపు పట్టినాది?"

"అరగంట. అంత కూడా పట్టలేదేమో."

"ఆ దినం?"

తుపాను రోజు వేరు, కెరటాలు వేరు, ఎక్కువసేపు పట్టేదని చెప్పొచ్చు. పైడితల్లి నమ్ముతుంది. ఆమె లెక్కలు చూడదు. జెర్మియా గారు కూడా కాదనరు. అబద్ధం నాలుక చివర సిద్ధంగా ఉంది. చెబితే ఇద్దరికీ రాత్రులు నిద్ర పడుతుందేమో కూడా.

"ఆ రోజూ అంతే పట్టేది వదినా. ఆగి ఉంటే పడవ ముందే చేరేది."

రేవు వైపు నుంచి జనం కేకలు గాలిలో వస్తున్నాయి. మసేనును మోసుకొస్తున్నట్టున్నారు.

"నువ్వు అబద్దం సెప్తావనుకున్నాను," అంది చివరికి. "సెప్తే నమ్మేద్దామనే వచ్చినాను."

కొంగుతో ముఖం తుడుచుకుని గుమ్మం దాకా పోయింది. అక్కడ ఆగి, వెనక్కి తిరగకుండానే అంది.

"రేపు నీ మేనకోడల్ని పంపుతాను. లెక్కలు సరిగా రాట్లేదంట. నువ్వే సెప్పాల."